విరిగే చోటు

మాది కాలేజీలో భాషల శాఖ. చెట్టును ఎప్పుడో కొట్టేశారు, శాఖ మిగిలింది. అమెరికాలో కెనడా సరిహద్దుకు ఆనుకుని ఉన్న మెయిన్ రాష్ట్రపు ఉత్తర కొసన కొమ్మలు నరకడం తెలిసినవాళ్ళకు కొదవ లేదు కనుక, ఇదీ ఎంతో కాలం ఉండదని అందరికీ తెలుసు. నేను స్పానిష్ చెప్తాను. అదే గదిలో రెండో బల్ల ఒలివీన్ తెబేర్జ్‌ది, ఆమె ఫ్రెంచి చెప్తుంది. ఇద్దరివీ ఏటేటా రాసుకునే ఒప్పందాలు. వాటిలో ఒప్పు ఉంటుంది గానీ అందం ఉండదు.

ఒలివీన్‌కు ఫ్రెంచి ఎవరూ పాఠంగా చెప్పలేదు. బంగాళదుంపల పొలాల మధ్య వంటింట్లో, అమ్మమ్మ పోసిన ప్లాయ్ అట్లతో, పెట్టిన తిట్లతో అది వంటబట్టింది. బడిలో ఆ భాష నోరు జారితే వేళ్ళ మీద స్కేలు పడేది. అయినా పోలేదు. ఆమె క్లాసు జరుగుతుంటే గోడ ఇవతల నా విద్యార్థులు స్పానిష్ క్రియలు వదిలేసి, అర్థం కాకపోయినా నవ్వేవారు.

ఆ ఏడు కొత్త డీన్ వచ్చాడు. దీనంగా ముఖం పెట్టి ఒక నియమం చదివాడు. డాక్టరేట్ లేని అధ్యాపకులందరూ ఫోనులో జరిగే మౌఖిక పరీక్షలో పై మెట్టు అందుకోవాలి. అందుకోకపోతే మరుసటి ఏడు ఒప్పందం లేదు. ఎందుకూ కొరగాని డాక్టరేట్ ఒకటి ఉండబట్టి నేను తప్పించుకున్నాను. ఒలివీన్‌కు లేదు.

ఆ నోటి పరీక్షకు ఒక పద్ధతి ఉంది. మొదట తేలిక ప్రశ్నలు, తర్వాత కష్టమైనవి, ఆ తర్వాత ఇంకా కష్టమైనవి. మాట ఎక్కడో ఒకచోట విరగాలి. విరిగే చోటు దొరికేదాకా పరీక్షకుడు ఆగకూడదు. చివర్లో మళ్ళీ ఒక తేలిక ప్రశ్న అడిగి, మనసు కుదుటపరిచి ఫోన్ పెట్టేస్తాడు. మా వృత్తిలో దాన్ని దయ అంటాం.

"నేనుండగా నీకేం భయం?" అన్నాడు ఒలివీన్‌తో, మా శాఖలోనే ఉన్న థేయర్ విట్కమ్. పెద్దవాళ్ళు రెండో భాషను ఎలా నేర్చుకుంటారన్నదే అతని పరిశోధన. తాను ఫ్రెంచిని కాలేజీకి వచ్చాకే మొదలుపెట్టి, కామా కూడా తప్పకుండా మాట్లాడతాడు. ఆ పరీక్ష జరపడానికి శిక్షణ పొందినవాడు. ఒలివీన్ అంటే నిజంగా ప్రాణం అతనికి. ప్రతి మంగళవారం మా గదికొచ్చి సాధన చేయించడం మొదలుపెట్టాడు.

"కళలకు ప్రభుత్వం డబ్బివ్వాలా, వద్దా? వాదించు."

"ఇస్తే వద్దనే వెధవ ఎవడయ్యా?"

"అలా కాదు తల్లీ. రెండు వైపులా చెప్పాలి. ఇవ్వకపోతే సమాజం ఏమయ్యేదో ఊహించి చెప్పాలి."

"మా అమ్మమ్మతో నేనెప్పుడూ ప్రభుత్వం గురించి మాట్లాడలేదు. ప్రభుత్వం వస్తుంటే తలుపేసుకునేవాళ్ళం."

నేను పగలబడి నవ్వాను. థేయర్ నవ్వలేదు. "ఇదిగో, సరిగ్గా ఇక్కడ విరిగింది," అన్నాడు, పోయిన తాళంచెవి దొరికినంత సంతోషంగా.

ప్రతి మంగళవారం దొరికేది. వెతకడంలో ఘనుడు మరి. పోనుపోను ఆ విరిగే చప్పుడు ఒలివీన్‌కు కూడా వినబడసాగింది. ఒక్కో వాక్యం నోట్లోంచి రాకముందే ఆగి, తట్టి చూసుకునేది. అమ్మమ్మ మాటలు పక్కన పెట్టి పుస్తకం మాటలు తెచ్చుకుంది. గోడ ఇవతల నా విద్యార్థులు బుద్ధిగా క్రియలు నేర్చుకోసాగారు.

నడవలో థేయర్‌ను పట్టుకున్నాను. "ఒరే, ఎముకలు గట్టిగా ఉన్నాయో లేదో చూడమంటే, ఒక్కోటీ విరిచి చూస్తున్నావు."

"విరిగే చోటు తెలియకుండా బాగుచేయడమెలా, బర్ట్?"

"ఇన్నాళ్ళూ ఆ చోటుతోనే బతికింది కదరా!"

"బతకడం కాదు, పై మెట్టు కావాలి. లేకపోతే ఉద్యోగం పోతుంది."

అతనన్నది నిజం.

మార్చిలో ఒక మధ్యాహ్నం పరీక్ష. గదిలో ఆమె ఒంటరిగా ఉండాలని నియమం, అందుకని మేమిద్దరం నడవలో నిలబడ్డాం. తలుపు పల్చన, ఒలివీన్ గొంతు వినబడుతూనే ఉంది. ఎక్కడ పుట్టిందో చెప్పింది, పాఠ్యపుస్తకం చదివినట్టు. తర్వాత ఏదో అడిగారు. మౌనం. ఒక మాట, దాన్ని వెనక్కి తీసుకుని ఇంకో మాట.

"ఇంకా కింది ప్రశ్నల్లోనే ఉన్నారు," గుసగుసలాడాడు థేయర్. "పైకి వెళ్ళనే లేదు."

ఒలివీన్ బయటికొచ్చి తలుపు మెల్లగా మూసింది.

"ఎక్కడ విరిగింది?" అన్నాడు థేయర్. అలవాటు.

"చిన్నప్పుడు మీ వంటిల్లు ఎలా ఉండేదో చెప్పమన్నారు."

"అది తేలికది కదా, ఒలివీన్!"

"తేలికదే. ఎక్కడ విరుగుతానా అని చూస్తూ కూర్చున్నా. అది చూస్తుంటే ఇంకేం కనబడలేదు. పొయ్యి కూడా."

ఫలితం వచ్చింది. పై మెట్టుకు చాలా కింద, ఆమె దగ్గరే చదువుకున్న నాలుగో ఏడాది కుర్రాడికి వచ్చిన మెట్టు. మరోసారి పరీక్షకు కూర్చోవచ్చని నియమంలో ఉంది. థేయర్ ఆశగా వచ్చాడు. "ఈసారి ఇంకా ముందు నుంచే సాధన..."

"థేయర్," అంది ఒలివీన్, అరవకుండా. "నన్నేమన్నా అడగాలనుంటే కాఫీ కావాలా అని అడుగు. అంతకుమించి వద్దు నాయనా."

అతను కాఫీ తెచ్చాడు. ఆమె తాగింది.

ఒప్పందం ముగిసేదాకా క్లాసులు ఉన్నాయి కదా, వెళ్ళేది. ఏప్రిల్‌లో ఒకరోజు సుద్దముక్క కోసం ఆమె క్లాసులోకి తొంగిచూశాను. కిటికీ బయట మంచు కరిగి దారంతా బురద. ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, ఆ బురదను చూపిస్తూ అడుగుతోంది.

"మేడమ్, దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?"

ఒలివీన్ కిటికీ వైపు చూసింది. పెదవులు కదిలాయి. తర్వాత పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, దొరికిన మాటను బోర్డు మీద రాసింది.

"ఇదీ సరైనది," అంది ఇంగ్లీషులో.

పిల్లలు తలలొంచి రాసుకున్నారు.