గుండెలో ఎముక

పదకొండో పశువు గుండెను కోసి బల్ల మీద పడేసేసరికి ఆమె మోచేతుల దాకా నెత్తురు. పైన ఇనుప పట్టాకు పశువులు ఒంటికాలితో తలకిందులుగా వేలాడుతూ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. అవతల తుపాకీ మామ ఒక్కో పశువు నుదుటికి తుపాకీ ఆనించి నొక్కుతాడు. పశువు ధన్‌మని కూలుతుంది, కొక్కెం పైకి లాగుతుంది, ఇంకొకడు గొంతు కోస్తాడు. "చేతులా అవి, చీపురుకట్టలా? కానివ్వండి!" అని మేస్త్రీ అరుస్తుంటాడు.

కబేళాలో ఆమెను అందరూ ఎముకలక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల. కళ్ళు మూసుకుని తడిమినా ఏ ఎముక ఏదో చెబుతుంది. ఒకసారి వెకిలిగా చెయ్యి వేసినవాడి రెండు పళ్ళు తొడ ఎముకతో రాలగొట్టింది గనక, ఆ పేరును వెక్కిరింపుగా పలికే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఆమె కూతురికి యూనివర్సిటీలో ఇంటర్వ్యూ. పశువైద్యం చదువు. పది సీట్లకు రెండొందల మందిని పిలిచారు. ఆలస్యంగా వస్తే లోపలికి రానిచ్చేది లేదని ఉత్తరంలోనే రాశారు. బడి మాస్టారు ముందే చెప్పాడు, వాళ్ళు ఏదో ఒక వస్తువు చేతిలో పెట్టి దీని సంగతేమిటో చెప్పమంటారని, జవాబు కన్నా పిల్ల ఎలా ఆలోచిస్తుందో వింటారని.

పిల్ల మొదట ఒకే ఒక్క ఉపన్యాసం బట్టీ పట్టింది. ఏం అడిగినా "చిన్నప్పటినుంచీ నాకు మూగజీవాలంటే ప్రాణం" అని మొదలుపెట్టేది. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం. మూడోసారి ఆ ముక్క వినగానే తల్లి చేతిలోని గరిటె విసిరింది. గోడ సున్నం రాలింది.

మర్నాటినుంచి ఆరు వారాలు, రోజుకో ఎముక. టిఫిన్ డబ్బాలోంచి తీసి బల్ల మీద పెట్టేది. పిల్ల నోరు ఆగితే అరచేత్తో బల్ల చరిచేది. "ఆగితే చచ్చావే! తెలీకపోతే కనిపించింది చెప్పు!" ఒకసారి మణికట్టు మీదే కొట్టింది. పిల్ల ఏడ్చి, అరిచి, చేతిలోని వెన్నుపూసను తల్లి మొహానికేసి కొట్టింది. కనుబొమ పగిలింది. తల్లి కొంగుతో నెత్తురు అద్దుకుని, "ఇప్పుడు చెప్పు, అది మెడదా, నడుముదా?" అంది. పిల్ల వెక్కుతూనే సరిగ్గా చెప్పింది. ఆ మచ్చ చూసుకున్నప్పుడల్లా ఎముకలక్కకు నవ్వొస్తుంది.

ఆఖరి రోజుకు మాత్రం తనకూ జవాబు తెలియని ఎముక కావాలనుకుంది. ముసలి ఎద్దుల గుండెలో, పెద్ద నెత్తుటి గొట్టం మొదలయ్యేచోట, చిన్న ఎముక ఒకటి ఉంటుంది. అంత మెత్తటి మాంసంలో దానికేం పనో ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు. అది పిల్ల చేతిలో పెట్టి, "నాకూ తెలీదే" అనాలి. పెద్దవాళ్ళకూ తెలియనివి ఉంటాయని తెలిస్తే పిల్లకు బెరుకు పోతుంది.

ఇప్పుడు గొంతు కోసేచోట పెద్ద ఎద్దొకటి వేలాడుతోంది. ముసలిదో కాదో పళ్ళు చూస్తే తెలుస్తుంది. కోసిన పశువు కాసేపు కాళ్ళు కొట్టుకుంటుంది గనక అక్కడ నేల మీద పసుపు గీత గీశారు. అది దాటొద్దని కొత్తవాళ్ళకు చెప్పేది ఎముకలక్కే. ఆమే దాటింది. వంగి పెదవి ఎత్తింది. పళ్ళు చిగుళ్ళ దాకా అరిగాయి. ముసలిదే అనుకునేంతలో ముందుకాలు విసురుగా వచ్చి ఆమె ఎడమ డొక్కలో తగిలింది.

గోడకు కొట్టుకుని పడింది. తుపాకీ మామ పరుగెత్తుకొచ్చాడు.

"ఆసుపత్రికి పదమ్మాయ్!"

"ఊరుకో మామా. చచ్చినదాని తన్నుకి నేను చస్తానా?"

ఎద్దు బల్ల దగ్గరికి వచ్చేలోపే లేచి నిలబడింది. దాని గుండెను నిలువునా చీల్చి ఎముక పెకలించింది. కడిగి, తుడిచి, మామ అగ్గిపెట్టెలోని పుల్లలు పారబోసి అందులో పెట్టుకుంది.

పదకొండింటికి సెలవు చెప్పి ఇంటికి బయల్దేరేసరికి ఎడమ భుజం లాగేస్తోంది. దెబ్బ డొక్కలో, నొప్పి భుజంలో. చెంబెడు నీళ్ళు తాగినా దాహం తీరలేదు.

పిల్ల ఇస్త్రీ చేసిన బట్టల్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"మొహం అలా పాలిపోయిందేంటమ్మా?"

"ఇంటర్వ్యూ నీకా, నాకా?"

నడుముకు దోపుకున్న అగ్గిపెట్టె మీదికి వెళ్ళిన చెయ్యి ఆగింది. ఎముకలక్క ఇంకో ప్రశ్న అడిగింది.

"ఒక పశువుకి ఎడమ డొక్కలో తన్ను తగిలింది. రెండు గంటలయ్యాక ఎడమ ముందుకాలు మోపడం లేదు. నీళ్ళ తొట్టి వదలడం లేదు. చెప్పు."

"కాలికి దెబ్బ లేదా?"

"లేదు."

"అయితే నొప్పి భుజంలో పుట్టింది కాదు, లోపల్నుంచి వస్తోంది. రొమ్ముకీ పొట్టకీ మధ్య పొర ఉంటుంది కదా, దాన్ని ఏదో రాపాడుతోంది. ఎడమ డొక్క దగ్గరుండేది ప్లీహం. అది పగిలింది. నెత్తురు లోపలే కారుతోంది, అందుకే దాహం." పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. "వెంటనే కోసి తీసెయ్యాలి."

"ఆలస్యమైతే?"

"పోతుందమ్మా. బాగానే ఉందనుకుంటూ ఉండగానే కూలిపోతుంది."

తల్లి బల్ల చరవలేదు. ఆరు వారాల్లో మొదటిసారి పిల్ల ఎక్కడా ఆగలేదు. ఎముకలక్కకు ఒళ్ళు చల్లబడేంత భయం వేసింది. ఆ భయాన్ని మించి గర్వం పొంగుకొచ్చింది. చెబితే పిల్ల కదలదు, మళ్ళీ పిలుపు రాదు. పావు తక్కువ పన్నెండుకు బస్సు. స్టాపుకు రెండు వీధుల అవతలే ఆసుపత్రి. ఎక్కించేసి తిన్నగా అక్కడికే వెళ్ళాలనుకుంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండితల్లి సంగతి వేరే చెప్పాలా?

బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అంతసేపూ స్తంభం పట్టుకుని నిలబడింది.

"ఇంకొకటి అడుగమ్మా."

"వచ్చాక అడుగుతా. ఎక్కు. అక్కడ ఆగకే."

బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. ఆసుపత్రి వైపు నాలుగడుగులు వేసింది. వీధి పక్కకు ఒరిగినట్టయింది. వెనక్కి వచ్చి, ఒక్క నిమిషమని బెంచీ మీద కూర్చుంది. తర్వాతి బస్సుల కోసం వచ్చినవాళ్ళు, పొద్దుటి పని అలసటలో కునుకు తీస్తోందనుకుని ఆమెకు చోటు వదిలి నిలబడ్డారు. మూడు గంటలప్పుడు ఒకావిడ భుజం తట్టి పిలిచింది. పలకలేదు.

ఆసుపత్రి మనుషులు వచ్చి మోసుకుపోయారు. బెంచీ కింద అగ్గిపెట్టె సగం తెరుచుకుని పడి ఉంది. అందులో బాగా కడిగి తుడిచిన, వేలు కణుపులు రెండింటి పొడవున్న తెల్లటి ఎముక.