టీ లేని దారి

కాలినడకన వచ్చేవాళ్ళ కోసం కొండల మీది జాతీయ పార్కులో దారి వేసి గుర్తులు పెట్టమని ఎర్మెక్‌కి పై నుంచి ఉత్తరువు వచ్చింది. సెప్టెంబరులో రాజధాని నుంచి ఒక అధికారి వచ్చి ఆ దారిన నడిచి చూస్తుంది. బాగుందంటే ఎర్మెక్ కాపలా ఉద్యోగం ఉంటుంది, లేదంటే చౌకీ ఎత్తేస్తారు. వాళ్ళింట్లో ఉద్యోగమంటూ చేసిన మొదటివాడు ఎర్మెక్.

అందుకని జూన్‌లో రోడ్డు నుంచి ఉప్పు సరస్సు దాకా పదకొండు కర్రలు పాతి, ఒక్కోదానికీ ఎర్ర బాణం గీసిన చెక్క మేకుతో కొట్టాడు. వారం తిరిగేసరికి పదకొండూ మాయం.

చెట్టు చూడాలంటే ఒక రోజంతా లారీలో కిందికి పోవాల్సిన ఎత్తు అది. పొయ్యిలోకి ఎండు పేడ తప్ప మరొకటి దొరకదు. అక్కడే పుట్టినవాడు ఎర్మెక్, బాణాలు తిన్నగా వచ్చాయా లేదా అన్న ధ్యాసలో పడి ఆ సంగతే మరిచాడు.

కర్రలు మాయమైన రోజు బురుల్‌కాన్ పెద్దమ్మ గుడారంలో టీ ఇట్టే కాగింది.

"మంట బాగుందే పెద్దమ్మా."

"నీ చలవే నాయనా. బాణమున్న చెక్కయితే ఇంకా బాగా మండింది."

"అది సర్కారు కర్ర."

"గాల్లో ఒంటరిగా నిలబడుంది. ఎవరిదానివే అంటే చెప్పలేదు మరి."

"దారి గుర్తు పెద్దమ్మా, కొత్తవాళ్ళు తప్పిపోకుండా."

"అయితే రాళ్ళు పేర్చు, వాటినెవరూ కాల్చుకోరు. అది సరే, టీ ఎక్కడ?"

"ఏం టీ?"

"నాలుగు గంటల నడకంటివి. మధ్యలో ఒక్క గుడారం లేదు. అది మనుషుల దారా, తోడేళ్ళ దారా? మీ అమ్మ వింటే తల దించుకుంటుంది."

"వాళ్ళు సీసాల్లో నీళ్ళు తెచ్చుకుంటారులే."

"అయ్యో పాపం," అంది బురుల్‌కాన్, నిజంగానే నొచ్చుకుని.

ఆగస్టంతా ఎర్మెక్ నడుం పట్టేసేదాకా రాళ్ళు మోసి అరవై కుప్పలు పేర్చాడు.

వచ్చిన అధికారి పేరు మునీరా. యాభై దాటిన మనిషి, కొత్త బూట్లు. గుర్తులు పనిచేస్తాయో లేదో తేలాలి కాబట్టి ఒక్కతే నడుస్తానంది. ఎర్మెక్ చుట్టుదారిన మోటారు సైకిల్ మీద ముందే సరస్సు చేరి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డాడు. పన్నెండయింది. రెండయింది. మూడింటికి బండి అక్కడే వదిలేసి కుప్పల వెంట వెనక్కి పరుగెత్తాడు.

ఇరవయ్యొకటో కుప్ప ఉండాల్సిన చోట లేదు. ఇరవయ్యోదాని దగ్గర్నుంచి అతను పేర్చని కుప్పలు ఎడమకి తిరిగాయి. అతని కుప్పలకన్నా పొందిగ్గా, ఒక్కోదాని నెత్తిన ఒక తెల్లరాయితో, వాగు దాటి తిన్నగా పెద్దమ్మ గుమ్మంలోకి పోయాయి.

లోపల మునీరా మేజోళ్ళు పొయ్యి పక్కన ఆరుతున్నాయి. ఆమె మూడో గిన్నె టీలో రొట్టె ముంచుకుంటోంది.

"సరస్సు చూశారా మేడమ్?"

"ఏ సరస్సు?"

"సరస్సెక్కడికి పోతుందిరా," అంది పెద్దమ్మ. "ముందు తిననీ. పొద్దుట్నుంచీ చన్నీళ్ళ మీద నడిచింది, పిచ్చితల్లి."

ఉద్యోగం పోయిందనుకున్నాడు ఎర్మెక్. అయినా అబద్ధమాడడం చేతకాలేదు. "మేడమ్, ఇది నేను వేసిన దారి కాదు. మా పెద్దమ్మ తిప్పేసింది. కాపలావాణ్ణి నేను, తప్పు నాదే."

మునీరా సంచిలోంచి తనిఖీ కాగితం తీసింది. "ఈ ఎత్తు పడక, ఆ వాగు దగ్గర తలనొప్పితో కూలబడ్డాను బాబూ. తెల్లరాళ్ళు కనిపించబట్టి లేచాను. ఇందులో ఒక ప్రశ్న ఉంది, దారిలో ఆశ్రయం ఉందా అని. ఇప్పటికి పధ్నాలుగు దారులు నడిచాను. అన్నిటికీ లేదనే రాశాను."

ఉంది అని రాసి సంతకం పెట్టింది. కింద ఒక షరతు చేర్చింది: ఆశ్రయం ఎప్పుడూ దారి మీదే ఉండాలి.

ఎర్మెక్ ఉద్యోగం నిలిచింది. మూడు వారాల తరవాత, మంచు పడేలా ఉందని పెద్దమ్మ గుడారం మడిచి జడలబర్రెల మీదికెక్కించి, పక్క లోయకి బయల్దేరింది.

"పెద్దమ్మా, ఆ షరతు మాటేమిటి?"

"ఏముంది, రాళ్ళు తెచ్చుకో నాయనా," అంది ఆమె వెనక్కి తిరగకుండానే. "తెల్లవి పైన పెట్టు."