ట్రైపాస్ పీట మీద టామ్సిన్

పెళ్లయి నెల తిరగని టామ్సిన్‌కు ఈమధ్య ప్రతిదీ ముద్దుగానే ఉంది, మొగుడు గైల్స్ టోస్టు మాడ్చడంతో సహా. కేంబ్రిడ్జి కాలేజీలో ఫెలోగా, అంటే ఆ కాలేజీ సొంత పండితురాలిగా, ఉద్యోగం దొరికితే ఆ మాడు వాసన రోజూ పీల్చవచ్చు. దొరక్కపోతే ఎక్కడో డరమ్‌లో పాఠాలు చెప్పుకుంటూ, మొగుణ్ణి శని ఆదివారాల్లో చూసుకోవాలి.

కాలేజీ పెద్దల ముందు ఆమె మాట్లాడవలసిన విషయం, అక్కడి డిగ్రీ పరీక్షకు ట్రైపాస్ అనే పేరెలా వచ్చిందన్నది. ఊరికే మాట్లాడితే టామ్సిన్ ఎలా అవుతుంది? గైల్స్ చేత సంతలో పాలు పితికే ముక్కాలిపీట కొనిపించింది. పట్టభద్రులు వేసుకునే నల్ల గౌను అరువు తెచ్చి తొడుక్కుని అందరి ముందూ దాని మీద మహారాణిలా కూర్చుంది.

"పూర్వం పట్టాలిచ్చే వేళ ఓ పాత పట్టభద్రుడు ఇలాంటి పీట మీద కూర్చుని కుర్రాళ్లతో వాదించేవాడు, ఆటపట్టించేవాడు. ముక్కాలిపీటను ట్రైపాస్ అనేవారు కనుక ఆ పేరే ఆయనకు తగులుకుంది. తర్వాత ఆయన రాసే వెక్కిరింపు పద్యాలకూ, అవి అచ్చేసిన కాగితానికీ. ఆ కాగితం వెనకాలే పాసైనవాళ్ల పేర్లు వేసేవారు. చివరికి పరీక్షకే ఆ పేరు ఖాయమైంది."

"అయితే మేమంతా పీట పాసయ్యామన్నమాట!" అన్నారు కాలేజీ పెద్ద థర్లో.

టామ్సిన్ ఉబ్బిపోయి, లేచి తల వంచబోయింది. గౌను అంచు పీటకాలి కింద ఇరుక్కుని ఉందని పండితురాలికి తెలియదు. పీట పల్టీ కొట్టింది. పండితురాలు నేల మీద చతికిలబడింది.

ఎవరూ నవ్వలేదు. మర్యాదస్తులు కదా, అందరూ ఒక్కసారిగా పైకప్పు దూలాలను పరిశీలించసాగారు. డరమ్ రైలు కూత టామ్సిన్ చెవుల్లో మోగింది.

"అయ్యా," అంది కిందినుంచే, "ఈ పీట ఎక్కినవాడి పని మీలాంటి పెద్దల్ని నవ్వించడం. ఇన్నాళ్లకు ఒకర్తె ఆ పని పద్ధతిగా చేస్తే, మీరు దూలాలు చూస్తూ కూర్చుంటారా?"

థర్లో ముందు దగ్గారు. ఆ దగ్గు నవ్వయింది. హాలంతటికీ అంటుకుంది.

"ఇంతకీ మూడు కాళ్లే ఎందుకమ్మా?" అని అడిగారాయన.

"తెలియదండీ. ఇదే చవగ్గా వచ్చిందన్నాడు మా ఆయన."

ఆమెను బయట నిలబెట్టి కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత థర్లోగారే వచ్చారు. "అక్టోబరులో చేరండి. మీకు చేతుల కుర్చీ వేయిస్తాం."

ప్రాంగణానికి అవతల, గేటు దగ్గర గైల్స్ సైకిలు పట్టుకుని గోళ్లు కొరుకుతున్నాడు. టామ్సిన్ గౌను ఎత్తిపట్టి, మధ్యనున్న పచ్చగడ్డి మీదుగా అడ్డంపడి పరుగెత్తింది.

"మేడమ్! మేడమ్! ఆ గడ్డి మీద ఫెలోలు తప్ప ఎవరూ నడవకూడదు!" గేటు కాపలాదారు కేకేశాడు.

"తెలుసండీ!" అంటూ ఆమె కావాలనే ఇంకో చుట్టు తిరిగింది. అక్టోబరు ఇంకా రాలేదన్న సంగతి గైల్స్ మెడకు చుట్టుకున్నాక గాని గుర్తు రాలేదు.