పసుపు పూసిన బూట్లు

ఎవరింట్లోనైనా హాల్లో గాజు బీరువా ఉంటే అందులో వెండి గిన్నెలుంటాయి, లేదా కొండపల్లి బొమ్మలుంటాయి. మా ఇంట్లో బూట్లున్నాయి. కొత్తవి కూడా కాదు, ఎవరు తొడిగారో, ఎక్కడ తిరిగారో తెలియని పాత మిలట్రీ బూట్లు! పెళ్ళిచూపుల్లో ఈ సంగతి చెప్పి ఉంటే ఈ జ్ఞానప్రసూనాంబ మీకు దక్కేదా అని మావారిని ఇప్పటికీ దెప్పుతుంటాను. "అప్పటికింకా ఒక్క జతేగా ఉంది" అంటారాయన, అదేదో తగ్గినట్టు.

మావారు జానకిరామయ్యగారు గుంటూరు కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యారు. బూటు చేతికిస్తే చాలు, దాని జాతకం చెప్పేస్తారు. ఏ యుద్ధం నాటిది, ఏ ఏడాది చేసింది, అడుగు ఎప్పుడు మార్చారు, అన్నీ. హైదరాబాదు నుంచీ పూనా నుంచీ ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. వాళ్ళకి కాఫీలివ్వలేక నా ప్రాణం విసిగిపోతుంది గానీ, ఆయన బూటుని వెలుగులోకి తిప్పి చూస్తున్నప్పుడు నేనూ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తాను. అబద్ధమెందుకు, గర్వంగానే ఉంటుంది.

కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాది, పెద్దల అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా, ప్రత్తిపాడు అవతలి పల్లె నుంచి శివపార్వతి అనే ఆవిడ వచ్చింది. నా ఈడుదే. తువ్వాల్లో చుట్టిన మూట గుండెలకి హత్తుకుని ఉంది. వెనకే ఆవిడ పెదనాన్న కొడుకు వీరబాబు. అతను కుర్చీలో కూర్చోకముందే గొంతెత్తాడు.

"మేష్టారూ, మీరు చెప్పిందే వేదం అంటున్నారు అందరూ. ఇవి యుద్ధం నాటివి కాదని ఒక్క మాట చెప్పెయ్యండి. మా అక్క నోరు మూతపడుద్ది."

"నువ్వు నోరు మూసుకోరా ముందు!" అందావిడ. తర్వాత మాకు సంగతి చెప్పింది.

ఆవిడ తండ్రి బుల్లయ్య రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వెళ్ళాడు. అప్పటికి ఈవిడ తల్లి కడుపులో ఉంది. తర్వాత సర్కారు నుంచి కబురొచ్చింది, మనిషి కనిపించడం లేదని. చనిపోయాడని రాలేదు. యుద్ధం అయిపోయాక అదే ఊరి జోసఫ్ తిరిగొచ్చి, బుల్లయ్య నా పక్కనే పోయాడమ్మా అని చెప్పి ఈ బూట్లు తల్లి చేతిలో పెట్టాడు. జోసఫ్ కూడా పోయి చాలాకాలమైంది. ఊరు మాత్రం బుల్లయ్య పారిపోయాడనే అంది. ఇప్పుడు ఊళ్ళో యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లతో రాయి వేస్తున్నారు. ఆ పెత్తనం వీరబాబుది. బుల్లయ్య పేరు వెయ్యనంటున్నాడు.

"పారిపోయినోడి పేరు వేస్తే రేపు ఊరంతా నన్ను నవ్వదా అండీ? మా ఇంటోడని వేశాడంటారు" అన్నాడతను.

"మా నాన్న ఫోటో కూడా లేదు మేష్టారూ, ఉన్నవి ఇవే" అందావిడ. మూట విప్పింది.

అయ్యో, ఏం చెప్పను! బూట్లు కాదవి, పసుపు ముద్దలు. ఏటా పెద్దల అమావాస్యకి కొత్త పంచె పక్కన పెట్టి, ఆముదం రాసి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. ఏ ఏటికాయేడు దాని మీదే పొర. పాతది తుడిస్తే అరిష్టమని తుడవలేదట. తోలు కనపడితే ఒట్టు.

ఆయన మాత్రం దేవుడి విగ్రహం అందుకున్నట్టు రెండు చేతులా అందుకున్నారు. బోర్లించి చూసి, "అడుగు తోలుది, ఇనప మేకులు కొట్టారు. మడమకి ఇనప పట్టీ ఉంది. తర్వాత వచ్చినవాటికి రబ్బరు అడుగు, మేకులుండవు. యుద్ధం నాటివే అనిపిస్తోంది" అన్నారు. "ఏడాది ముద్ర అడుగున ఈ సన్నటి చోట ఉండాలి. దాని మీదే పసుపంతా గట్టిపడింది. గీకితే ముద్ర పోతుంది, నీళ్ళు తగిలితే తోలు పాడవుతుంది."

ఆయన దగ్గరున్న బ్రష్షులేవీ పనిచెయ్యలేదు. నేను చూసి చూసి, "జిడ్డు వదలాలంటే సున్నిపిండి కావాలి గానీ బ్రష్షులేంటండీ!" అని వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చాను. బూటు ఒళ్ళో పెట్టుకుని పొడిపిండి అద్ది, మెత్తటి గుడ్డతో నెమ్మదిగా రుద్దాను. ఎప్పుడూ బూటు ముట్టుకోని మనిషిని! శివపార్వతి "అమ్మా, మీరెందుకమ్మా" అంటూనే ఉంది. పిండి ఆముదాన్ని పీల్చుకుంది. పసుపు పెళ్ళలుగా ఊడింది.

ముద్ర కనబడింది. ఆనాటి సర్కారువారి మిలట్రీ సామాను మీద వేసే బాణం గుర్తు, దాని కింద 1942.

"యుద్ధం నాటివే" అన్నారు ఆయన. శివపార్వతి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

వీరబాబు ఊరుకుంటాడా? "అయితే ఏంటండీ? యుద్ధం అయ్యాక మిలట్రీవాళ్ళు పాత సామానంతా వేలం వేశారంట. మా పిన్ని ఏడుపు చూడలేక జోసఫ్ ఎక్కడో కొనుక్కొచ్చాడేమో. అవి మా బాబాయివే అని మీరు చెప్పగలరా?"

ఆయన కళ్ళజోడు తీశారు. "చెప్పలేను. బూటు ఎప్పటిదో చెప్పగలను, ఎవరిదో చెప్పలేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. హరిశ్చంద్రుడి తమ్ముడు దొరికాడు నాకు! ఔనంటే ఏం పోయింది? కానీ ఈయన అంతే. ఒకసారి పూనా ఆయన ఒకరు, తన బూటు ఒక్క ఏడాది వెనకటిదని చెప్పండి సార్ అని బతిమాలితే, ఈయన కాఫీ తాగి వెళ్ళమన్నారు. మనసులో తిట్టుకున్నాను గానీ, ఆయన అలా అన్నందుకే ఆయన మాటకి ఆ విలువ అని నాకు తెలుసు. శివపార్వతి మొహం చూడలేక తలొంచుకుని ఎడమ బూటు పైభాగం రుద్దుతూ కూర్చున్నాను.

చిటికెన వేలి పక్కన ఇంకో పెళ్ళ ఊడింది. కింద కోత ఉంది.

"ఏమండీ, ఇది చిరుగా?"

ఆయన దగ్గరికి తీసుకుని లోపలికి వేలు పెట్టి తడిమారు. "చిరుగు కాదు ప్రసూనా. కత్తితో కోశారు. లోపల మెత్తటి తోలు వేసి కుట్టుకున్నారు. చిటికెన వేలి పక్కన ఎముక ఉబ్బినవాడెవడో తొడిగాడు. కుడిదానికి లేదు చూడు. ఎడమ కాలే."

"ఎంత బాధపడ్డాడో" అంది శివపార్వతి. ఎవరి కాలో ఇంకా తెలియకుండానే ఆవిడ కళ్ళు నిండాయి.

చేతికంటిన జిడ్డు కడుక్కుందామని వీధి కుళాయి దగ్గరికి వెళ్ళాను. మెట్ల మీద వీరబాబు తోలు చెప్పులున్నాయి. నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఎడమ చెప్పు పట్టీ చిటికెన వేలి దగ్గర కోసి, మెత్తటి ముక్క వేసి కుట్టించి ఉంది. ఒకళ్ళ చెప్పు చేత్తో పట్టుకోవడం నా జన్మలో అదే మొదలు. లోపలికి తెచ్చి బూటు పక్కన పెట్టాను.

కోత పక్కన కోత.

"నీ ఎడమ కాలు చూపించు నాయనా" అన్నాను.

వీరబాబు కాలు కుర్చీ కిందకి లాక్కున్నాడు. ఇందాకటి గొంతు లేదు. "ఇది మా ఇంటి మగాళ్ళందరికీ ఉంది అమ్మగారూ. మా తాతకి, మా నాన్నకి. కొత్త చెప్పులు కొంటే ముందు చెప్పులు కుట్టే దానయ్య దగ్గర కోయించుకోవాల్సిందే."

"ఇప్పుడు చెప్పగలను" అన్నారు మావారు, నెమ్మదిగా. "వేలంలో మీ ఇంటి కాలికి కోసిన బూటు దొరకదు. జోసఫ్ నిజమే చెప్పాడు. ఇవి మీ బాబాయివే, పారిపోయేవాడు బూట్లు విప్పి ఇచ్చి పోడు."

శివపార్వతి లేచి వెళ్ళి అతని ముందు చతికిలబడింది. ఆ కాలు బయటికి లాగింది. "వద్దే అక్కా, పెద్దదానివి, నా కాళ్ళు పట్టుకుంటావా!" అని అతను గింజుకుంటున్నా వదల్లేదు. ఉబ్బిన ఆ ఎముక మీద బొటనవేలితో మెల్లగా రాసింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. తర్వాత అతని మోకాలి మీద ఫెడీమని ఒక్కటి వేసింది.

"ఒరేయ్ వీరబాబూ! మా నాన్న కాలు నీ దగ్గరుంచుకుని, ఆ కాలితోనే ఊరంతా తిరిగి మా నాన్న పారిపోయాడని చెప్పావంట్రా!"