గడ్డం కుక్క దొరసాని

జీవరత్నం కుక్కను కొన్నాడంటే బొబ్బిలి మిషన్ కాంపౌండులో ఎవరూ పట్టించుకోలేదు. దానికి గడ్డం ఉందని తెలిశాకే చూడ్డానికి జనం కట్టకట్టుకుని వచ్చారు. మేకంత ఎత్తు, నల్లటి వీపు, గోధుమరంగు కాళ్లు, కొబ్బరిపీచులా గరుకైన బొచ్చు, మూతి కింద పొడుగాటి గడ్డం. ఎయిర్‌డేల్ టెర్రియర్ అనడానికి నోరు తిరక్క అందరూ గడ్డం కుక్క అన్నారు. జీవరత్నం మాత్రం దొరసాని అని పేరు పెట్టాడు.

"నన్ను ఒక్కనాడైనా అలాగ పిలిసినావా? కుక్క దొరసానైపోనాదేటి?" అంది అతని భార్య జ్ఞానసుందరి.

పేరుకు కారణం ఉంది. జీవరత్నం తాత పాల్, మిషన్ ఆస్పత్రి డాక్టరు దొర దగ్గర కుక్కల్ని చూసుకునేవాడు. అవన్నీ ఈ జాతివే. కొండ దిగిన అడవిపందికి ఎదురు నిలబడి, మనుషులు వచ్చేదాకా అడుగు కదలనిచ్చేవి కావట. దొర తన దేశం వెళ్లిపోయాడు, కుక్కలు పోయాయి, కథలు మాత్రం ఇంట్లో మిగిలాయి. ఇప్పుడు అదే జాతిని దువ్వి, కత్తిరించి, పోటీల్లో నిలబెట్టి బిస్కెట్లు పెడుతున్నారు. వేటకు పుట్టినదాన్ని సోఫా ఎక్కించడం పాపమని జీవరత్నం వాదన. గరివిడి ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు కొలిమి ముందు నిలబడి రిటైరైన మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి. కొందరికి పేకాట, ఇతనికి ఇది.

కుక్కను అమ్మిన ధనరాజ్‌ది బెంగళూరు. "ఈ రక్తంలో ఇప్పుడు వేట లేదండీ," అన్నాడాయన ఫోన్లో. "ఒక్కసారి పందిని నిలేసినట్టు వీడియో చూపించండి. నా దగ్గరున్న మంచి మగకుక్కను మీ ఊరు పంపిస్తాను. వాటికి పుట్టే పిల్లలతో వేటజాతిని మళ్లీ మొదలుపెడదాం." ఆ మాట పట్టుకుని జీవరత్నం మూడేళ్లు చెమటోడ్చాడు.

పందిని చంపితే ఫారెస్టువాళ్లు కేసు పెడతారు. అందుకని కరవడం నేర్పలేదు. ఎదురుగా నిలబడి మొరుగుతూ పందిని ఆపాలి. జీవరత్నం వచ్చి పిలిచాకే వెనక్కి రావాలి. అతను తప్ప ఇంకెవరు పిలిచినా పలక్కూడదు. జ్ఞానసుందరి చేత అన్నం కూడా పెట్టనిచ్చేవాడు కాదు. పదిమంది పిలిస్తే వచ్చేది ఊరకుక్క అవుతుంది గానీ వేటకుక్క కాదని అతని నమ్మకం, అహంకారం కూడా. ఒకప్పుడు ఫ్యాక్టరీలో తనతో ఒకే షిఫ్టు చేసిన అప్పలసూరి, ఇప్పుడు కొండ కింద మొక్కజొన్న వేస్తున్నాడు. అతను ముద్దొచ్చి ఒకసారి "దా దొరసానీ" అన్నాడు. అంతే, జీవరత్నం ఇంతెత్తున లేచాడు.

"నోరు మూసుకో బావా! నీ ఒక్క పిలుపుతోటి నా కష్టమంతా గంగలో కలిసిపోతాది."

నెల్లాళ్లు అతనితో మాట్లాడలేదు. మళ్లీ అప్పలసూరే చొరవ చేసి వచ్చి టీ తాగి వెళ్లాడు. మంచివాడికి మాట పడటం అలవాటే.

ఆ ఏడు మొక్కజొన్న కోతకొచ్చే వేళకు పందులు అప్పలసూరి చేనును సగం కుళ్లగించేశాయి. కుక్కను తెమ్మని అతనే అడిగాడు. గురువారం సాయంత్రం జీవరత్నం దొరసానిని ఆటోలో తీసుకెళ్లి చేను గట్టున పాకలో కట్టేశాడు. రాత్రంతా ఆ చేను వాసన పట్టాలి, మర్నాడు చీకటిపడ్డాక పందులు దిగేసరికి తను వచ్చి విప్పాలి. అదీ లెక్క.

"రేపు గుడ్ ఫ్రైడే. ఆరాదనలో ఐదో మాట నాది. నాలుగింటికల్లా వొచ్చీస్తాను. అందాకా ఇప్పొద్దు," అని చెప్పాడు.

"సరే బావా. నీ మాట దాటుతానేటి?" అన్నాడు అప్పలసూరి.

శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు సంఘపెద్దలు మాట్లాడతారు. గుడిలో ఫోన్లన్నీ ఆపెయ్యాలని కిందటేడు తీర్మానం చేయించింది జీవరత్నమే. తన ఫోను ఆపి జేబులో వేసుకున్నాడు. ఐదో మాట 'నేను దప్పిగొనుచున్నాను'. ఆ దాహం గురించి పావుగంట మాట్లాడమంటే అరగంట మాట్లాడాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, అతనికి తృప్తిగా అనిపించింది. బయటికొచ్చి ఫోను తెరిస్తే పదకొండు మిస్డ్ కాల్స్. అన్నీ అప్పలసూరివే.

అతను చేరేసరికి చేను గట్టున కూలీలు కొడవళ్లతో నిలబడి ఉన్నారు. చేను పక్క వాగు ఒడ్డున దొరసాని మీద అప్పలసూరి తన తువ్వాలు కప్పి పక్కన కూర్చున్నాడు. తువ్వాలు సగం పైగా తడిసి ఉంది.

ఒంటిగంటకు కూలీలు కోసుకుంటూ చివరి చాళ్ల దగ్గరికి వచ్చారట. పట్టపగలు అందులో పడుకున్న మగపంది లేచింది. దొరసాని తాడు తెంపుకుని పోయింది. పందిని వాగు గండిలోకి తరిమి, ఎదురుగా నిలబడింది. గంటన్నర! పంది మీదికొస్తే పక్కకు తప్పుకుని మళ్లీ ఎదురు నిలిచింది. ఆఖరిసారి తప్పుకోలేకపోయింది. పంది కోరతో పొట్ట చీల్చి కొండెక్కిపోయింది.

"గంటన్నర సూస్తా కూకున్నారా?" జీవరత్నం గొంతు చించుకున్నాడు. "ఒక్క కేక పెట్టనేకపోయినావా? అందరూ అరిస్తే పంది పారిపోయేది కదా! కుక్కనైనా పిలవనేకపోయినావా?"

అప్పలసూరి తల ఎత్తలేదు. "పిలిస్తే సెడిపోతాదన్నావు కదా బావా. నోట్లో గుడ్డ కుక్కుకున్నాను. కూలోళ్లనీ అరవనివ్వనేదు. నీకు ఫోన్ సేస్తానే ఉన్నాను."

కొట్టడానికి లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎవర్ని కొట్టాలి? చెప్పినట్టు విన్నవాణ్ణా, చెప్పినట్టు విన్నదాన్నా? జీవరత్నం అక్కడే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. చీకటిపడకముందే ఇద్దరూ కలిసి గొయ్యి తవ్వారు.

కూలీల్లో అరుణశ్రీ అనే అమ్మాయి, దొరసాని ఇంకా నిలబడి ఉండగా ఇరవై నిమిషాల వీడియో తీసింది. అది అప్పలసూరి ఫోను మీదుగా జీవరత్నానికి చేరింది. వారం దాకా తెరవలేదు. తెరిచాక మొదటి నిమిషం కూడా చూడలేకపోయాడు. అయినా ధనరాజ్‌కు పంపాడు. చచ్చిపోయిందని రాయలేదు. ఆ కుక్క ఎలాంటిదో తెలిసినవాడు ఒక్కడైనా చూడాలనిపించింది.

ఆ సాయంత్రమే ఫోనొచ్చింది. జ్ఞానసుందరి వింటుందని స్పీకరు పెట్టాడు.

"జీవరత్నంగారూ, నేనే తప్పండీ!" ధనరాజ్ గొంతులో సంబరం. "ఏం ధైర్యమండీ దానిది! వందేళ్ల కిందట పోయిందనుకున్న వేటను లేపి కూర్చోబెట్టారు. వచ్చే నెల మగకుక్కను పంపిస్తున్నాను. ఒక్కటే చిన్న లోపం, దాన్ని మీరు దిద్దుకోవాలి."

"ఏటండీ?" అన్నాడు జీవరత్నం.

"మధ్యమధ్యలో మొరగడం ఆపి వెనక్కి తిరిగి చూస్తోంది, రోడ్డు వైపు. నేను లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు. అటు వైపు ఏముందండీ?"

జ్ఞానసుందరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది తను వచ్చే దారి. జీవరత్నం ఫోను ఆపి జేబులో వేసుకున్నాడు.