సత్తెమ్మకు వచ్చిన పిలుపు

ఆ పిలుపు తనకు రాలేదన్న సంగతి రేణుకమ్మకు అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. తెలిసిన తర్వాత ముద్ద దిగలేదు. ఊరి మహిళా సంఘానికి పదకొండేళ్లుగా ఆమే అధ్యక్షురాలు. ఆఫీసర్లు వస్తే బొట్టు పెట్టి హారతి పట్టేది ఆమె, మండల కేంద్రం ఆత్మకూరులో ఏ మీటింగు జరిగినా ముందు వరుసలో కూర్చునేది ఆమె. అలాంటిది, ఢిల్లీ నుంచి ఒక కమిటీ వనపర్తికి వస్తోంది, పొలం పనుల్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా లేకుండా దేశమంతటికీ ఒక విధానం రాయబోతోంది, మండలానికి ఒక ఆడమనిషి వచ్చి తన మాట చెప్పాలి అంటే, ఆ ఒక్క మనిషిగా సత్తెమ్మ పేరు రాశారు.

"ఏ సత్తెమ్మ?" అని ఫోన్లో అడిగింది రేణుకమ్మ, తెలిసి కూడా.

"మన సత్తెమ్మనే అక్కా. నాట్ల గుంపు సత్తెమ్మ," అంది రజిత. మండలంలో సంఘాల పనులన్నీ చూసే ఉద్యోగి ఆమె. "మొన్న గ్రామసభల ఆడకూలి, మగకూలి అని లేచి మాట్లాడింది గద. గదే పైదాకా పోయింది. పేరు వాళ్లే అడిగిన్రు."

"మంచిగైంది," అని ఫోను పెట్టేసి, సగం అన్నం ఉండగానే కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

"నీకేమైంది?" అన్నాడు మొగుడు వెంకటన్న.

"నాకేమైతది? కడుపు నిండింది."

నిండింది అన్నంతో కాదని వెంకటన్నకు తెలుసు. ముప్పై ఏళ్ల కాపురం మరి. ఆమె ఓర్వలేనప్పుడు ఇంట్లో గిన్నెల చప్పుడు పెరుగుతుంది. ఆ సాయంత్రం వీధి చివరి దాకా వినబడింది.

సత్తెమ్మ మీద ఈ మంట ఇప్పటిది కాదు. ఇద్దరూ ఐదో తరగతి దాకా ఒకే బడి. పంతులు పాఠం చదవమని లేపితే సత్తెమ్మనే లేపేవాడు. రేణుకమ్మకు జడకు రిబ్బన్లుండేవి, కాళ్లకు చెప్పులుండేవి, చదివే గొంతు మాత్రం సత్తెమ్మకుండేది. తర్వాత రేణుకమ్మ ఆరెకరాల ఇంటికి కోడలైంది. సత్తెమ్మ ముంబైలో తట్టలు మోసి, ఏడేళ్లకు తిరిగొచ్చి, పద్దెనిమిది మంది ఆడవాళ్లను గుంపు కట్టి నాట్లు వేయిస్తోంది. రేణుకమ్మ పొలంలో కూడా ఆ గుంపే నాటుతుంది. కూలి ఇచ్చేది తనే, వినాల్సింది తన మాటే, అయినా ఒడ్డు మీద నిలబడి చూస్తుంటే ఆ పద్దెనిమిది మందీ సత్తెమ్మ ముఖమే చూస్తారు. రేణుకమ్మకు అది అస్సలు గిట్టదు.

ఆ రాత్రి ఆమెకు కళ్ల ముందు ఒకటే బొమ్మ. మైకు ముందు సత్తెమ్మ, పేపర్లో సత్తెమ్మ ఫోటో, కింద ఊరి పేరు. తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది. మంచి ఉపాయం కాదని ఆమెకూ తెలుసు. తెలిసే సత్తెమ్మ ఇంటికి బయలుదేరింది.

"మంగళారం మా నాట్లు," అంది రేణుకమ్మ, సత్తెమ్మ వాకిట్లో నిలబడి.

సత్తెమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. "మంగళారమా? ఆ దినం నాకు వనపర్తిల మీటింగున్నదక్కా. బుధారం పెట్టుకుందం."

"నారు ముదురుతున్నది. జూరాల కాల్వ నీళ్లు బుధారం సంది బందంట. తర్వాత నా మడి ఎండినంక ఏం నాటుతవ్?"

నిజానికి నీళ్లు ఇంకో వారం ఉంటాయి. కానీ కాలువ సంగతి ఒక్కో రోజు ఒక్కో తీరు కాబట్టి ఎవరూ గట్టిగా కాదనలేరు.

ఆ గుంపుకు ఒక కట్టడి ఉంది. మొదటి నారు కట్టకు పసుపు కుంకుమ పెట్టి పొలం ఆసామి అందిస్తే, గుంపు పెద్ద దాన్ని ఈశాన్యం మూల నాటాలి. ఆమె నాటకుండా ఇంకొకరు మడిలో కాలు పెట్టరు. నాట్లు ముగిసేదాకా ఆమె మడిలోనే ఉండాలి, పెద్ద లేని రోజు గుంపుకు పని లేనట్టే. ఈ కట్టడి పెట్టింది కూడా సత్తెమ్మే. ఒకరు లేకుంటే ఇంకొకర్ని చీల్చి తక్కువ కూలికి దింపుకునే ఆసాముల ఆట కట్టడానికి పెట్టింది. రేణుకమ్మ ఆ తాడుతోనే ఆమెను కట్టేసింది.

సత్తెమ్మ చాట పక్కన పెట్టింది. ఒకనాడు పని పోతే పద్దెనిమిది ఇళ్లలో ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"అయితే నువ్వే పో అక్కా," అంది చివరికి. "నీకు మీటింగులు అలవాటే గద. రజితకు నేను చెప్త."

"నేనా? నాకేడ తీరిక?" అంది రేణుకమ్మ. లోపల మాత్రం గంతులేస్తోంది.

"పోవాలె. జర నా మాట ఒక్కటి చెప్పాలె." సత్తెమ్మ దగ్గరికి వచ్చింది. "నారు పీకేటప్పుడు మగోళ్లు, మేము ఒకటే మడిల వంగుతం. ఒక్క తీరు కట్టలు కడ్తం. వాళ్లకు ఎనిమిది వందలు, మాకు ఐదు వందలు. ఒక్క పనికి ఒక్క కూలి అని చట్టం ఎప్పుడో చేసిన్రంట. చేస్తే మా మడి దాకా ఎందుకు రాలేదో అడుగు. ఢిల్లీల రాసేటోళ్లు జర మడిల నిలవడి రాయాలని చెప్పు. ఎవల పొలమని మాత్రం చెప్పకు. నీకు మంచిగుండదు."

ఆ చివరి మాట రేణుకమ్మకు ముల్లులా గుచ్చుకుంది. తిట్టినా బాగుండేది. తన పరువును సత్తెమ్మ కాపాడటం ఏమిటి?

మంగళవారం పొద్దున్నే కట్టకు పసుపు కుంకుమ పెట్టి, సత్తెమ్మ చేతికి అందించి, ఆమె బురదలో దిగడం చూసుకుని మరీ బయలుదేరింది రేణుకమ్మ. గద్వాల పట్టుచీర కట్టింది, మెడలో ఉన్నదంతా వేసుకుంది. ఆత్మకూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడవునా సత్తెమ్మ చెప్పిన మాటలు నెమరు వేసుకుంది. ఎంత మార్చి చెబుదామన్నా సత్తెమ్మ చెప్పినంత బాగా రాలేదు. అది కూడా మంటే.

వనపర్తిలో హాలు నిండిపోయింది. ఆమెకు చూపించిన కుర్చీ ముందు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో సత్తెమ్మ అని రాసి ఉంది. రజిత పరుగున వచ్చి పెన్నుతో కొట్టేసి పక్కన రేణుకమ్మ అని ఇరికించింది. కొట్టేసినా పాత పేరు కింద నుంచి కనబడుతూనే ఉంది. రేణుకమ్మ ఆ అట్టను తిప్పి పెట్టింది.

తన వంతు రాగానే మైకు పట్టుకుంది. చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా తనది కాదు. మగోళ్లు, మేము ఒకటే మడిల వంగుతం అంది. ఏ మడిలో వంగి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. చట్టం మా మడి దాకా ఎందుకు రాలేదు సారూ అనేసరికి హాలు గప్‌చుప్ అయిపోయింది. ఢిల్లీల రాసేటోళ్లు జర మడిల నిలవడి రాయాలె అనగానే చప్పట్లు మోగాయి. రేణుకమ్మ ఒళ్లు పులకరించింది. సత్తెమ్మకు రావాల్సిన చప్పట్లు తన చెవుల్లో పడుతుంటే ఎంత హాయిగా ఉందో.

కమిటీ పెద్ద, తెల్ల జుట్టావిడ, తెలుగే మాట్లాడింది. "చాలా బాగా చెప్పావమ్మా. సమాన కూలి అని చట్టంలో రాసి యాభై ఏళ్లయింది. ఊరిలో దాన్ని ఎవరు చూడాలి, ఎలా చూడాలి అన్నది ఈసారి గట్టిగా రాద్దామనుకుంటున్నాం. నీకు సొంత పొలం ఉందా?"

"ఉన్నది మేడం. ఆరెకరాలు." ఇది మాత్రం గర్వంగా చెప్పింది.

"నాట్లు ఎప్పుడు?"

"ఇయ్యాల్నే."

"మరి ఈ రోజు నీ పొలంలో ఆడవాళ్లకు ఎంత, మగవాళ్లకు ఎంత?"

కోడేరు నుంచి వచ్చినామె, బీచుపల్లి దిక్కు నుంచి వచ్చినామె, అందరూ రేణుకమ్మ వంకే చూస్తున్నారు. ఎదురుగా రజిత ఫోను పైకెత్తి వీడియో తీస్తోంది. నిజం చెబితే ఈ పట్టుచీర, ఈ చప్పట్లు అన్నీ బురదపాలు. ఇక్కడ సత్తెమ్మ ఉంటే ఆమెకు ఈ ప్రశ్నే వచ్చేది కాదు. అది గుర్తొచ్చి ఇంకా మండింది.

"ఇద్దరికి ఒకటే మేడం. ఎనిమిది వందలు," అంది. "ఈ ఏడాది సంది."

ఈసారి చప్పట్లు ముందరి వాటికి రెట్టింపు. తెల్ల జుట్టావిడ లేచి వచ్చి చెయ్యి కలిపింది. ఫోటో తీశారు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ రేణుకమ్మ ఆ చెయ్యి కలిపిన క్షణాన్నే తలుచుకుంది. అబద్ధం సంగతి తలుచుకోలేదు. వనపర్తిలో అన్న మాట వనపర్తిలోనే ఉంటుంది కదా అనుకుంది.

ఊరు చేరేసరికి ఇంకా పొద్దుంది. నాట్లు అయిపోయాయి. నారు పీకిన మగవాళ్లు నలుగురూ కూలి తీసుకుని అప్పుడే వెళ్లిపోయారు. ఆడవాళ్లు మాత్రం ఒడ్డు మీద గుమిగూడి ఉన్నారు. వెంకటన్న నోట్ల కట్ట పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. ఎవరూ చెయ్యి చాపడం లేదు. దగ్గరికి వెళుతుంటే రేణుకమ్మకు ఒక గొంతు వినబడింది. తన గొంతే. ఎవరి చేతిలోనో ఫోను పలుకుతోంది. "ఇద్దరికి ఒకటే మేడం. ఎనిమిది వందలు." ఆ వెనక చప్పట్లు. రజిత ఆ వీడియోను సంఘం గ్రూపులో పెట్టేసింది.

"ఏంది గిది?" అన్నాడు వెంకటన్న పక్కకు లాగి. "నాకొక మాటన్న చెప్పకపోతివి. ఐదు వందలిస్తే ఒక్కతి తీస్కుంటలేదు. పద్దెనిమిది మంది మరి!"

రేణుకమ్మకు తల కొట్టేసినట్టయింది. అబద్ధమాడాను అనాలి, లేదా ఇవ్వాలి. మూడో దారి కోసం అందరి ముఖాలూ చూసింది, దొరకలేదు. సత్తెమ్మ ముందుకొచ్చింది. ఎగతాళి చేస్తుందేమోనని రేణుకమ్మ ఒళ్లు బిగించుకుంది. చేస్తే బాగుండు, కోపంతోనైనా ఎగ్గొట్టొచ్చు.

సత్తెమ్మ బురద చేతులతోనే ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నేను పోతే అడిగి వస్తుంటి అక్కా. నువ్వు ఇచ్చి వచ్చినవ్," అంది.

నమ్మి అంటోందా, అంతా తెలిసి అంటోందా? రేణుకమ్మ ఆ ముఖంలో ఎంత వెతికినా అంతు చిక్కలేదు. పట్టుచీర అంచుకు బురద అంటింది.

"ఇయ్యి," అంది మొగుడితో, అటు చూడకుండా.

అందరికీ ఎనిమిది వందల చొప్పున ముట్టింది. ఒడ్డంతా ఒకటే సంబరం. ఒకామె, "సత్తెమ్మ మీటింగు ఇడుసుకోబట్టి గద మనకు గింత జరిగె," అంది. మిగతావాళ్లు అవునవును అన్నారు. కూలి ఇచ్చింది తను, పోయింది తన ఇంటి డబ్బు, పేరు మళ్లీ సత్తెమ్మకే. రేణుకమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

అందరూ వెళుతుంటే సత్తెమ్మ ఆగింది. "రేపు నరేందర్ పటేలు పొలంల నాట్లక్కా. ఆడ గూడ గిదే అడుగుతం. నువ్వొచ్చి జర ఆయనకు చెప్పాలె."

"నేనెందుకు?" అంది రేణుకమ్మ కసిగా. "నువ్వే చెప్పు. అందరు నీ నోరునే మెచ్చుకుంటున్రు గద."

సత్తెమ్మకు కోపం రాలేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. "నేను నోరు తెరిస్తే కూలి పోతదక్కా. నువ్వు తెరిస్తే చప్పట్లు కొడ్తరు."

ఈ ఒక్క మాట వనపర్తిలో పడి ఉంటే హాలంతా లేచి నిలబడేది. ఇలాంటి మాట తనకెందుకు తట్టదో అని మళ్లీ కడుపు రగిలింది. కానీ ఆ మాటలో అబద్ధం లేదు. బడి నాటి నుంచి తను ఏ నోటిని చూసి కుళ్లుకుందో, ఆ నోరు తెరిచినందుకు సత్తెమ్మ ఇన్నేళ్లూ కూలిలో ధర కడుతూనే ఉంది. ఆ కూలిని కోసింది ఎవరో ఆమెకు తెలుసు.

సత్తెమ్మ జవాబు కోసం చూస్తూ నిలబడింది. రేణుకమ్మ చీర అంచు దులుపుకుంది.

"ఎన్నింటికి దిగుతరు మడిలకు?" అని అడిగింది.