మడమ కింద మేపుల్

పగలు మంచు కరిగి, చీకటి పడగానే మళ్లీ బిగుసుకునే మార్చి నెలలో, వెర్మాంట్ కొండల్లో ఉన్న ఆ చిన్న కాలేజీ ఆటమందిరంలో నేల చెమర్చేది. అది మేపుల్ పలకలు పరిచిన నేల. బయటి మేపుల్ చెట్లకు తీపినీరు ఎక్కే వేళకే దానికీ ఎక్కేది. పొద్దున్నే బాస్కెట్‌బాల్ సాధనకు వచ్చిన అమ్మాయిలు ముందు స్పాంజీలు పట్టుకుని వంగి, ఆ నీటిని అద్ది బకెట్లో పిండేవాళ్లు. ఆ తర్వాతే బంతి ముట్టుకునేవాళ్లు. చుట్టుపక్కల కాలేజీలు ఆడే కాన్ఫరెన్స్ టోర్నమెంటు ఫైనల్‌కి బయల్దేరే రోజు ఆ నీటినే పాకం కాచి, అట్ల మీద పోసుకుని తిని బస్సెక్కడం వాళ్ల ఆనవాయితీ.

నేల అంతటా ఒకేలా ఊరేది కాదు. ఎవరు ఎక్కడ నిలబడి ఎక్కువసేపు సాధన చేస్తే అక్కడ ఊరేది. జట్టులో అందరికంటే బాగా ఆడే మెరిల్ ప్రాట్ చోటులో ఏటా గిన్నెడు వచ్చేది. ఈ ఏడు మాత్రం ఎడమ మూల ఏకంగా మడుగు కట్టింది.

"నాడీన్, నీ చెరువు పొంగిందే. పడవ తెచ్చుకో," అంది మెరిల్.

నాడీన్ కోటా నవ్వి స్పాంజీ పిండింది. ఆమెకిది నాలుగో ఏడు, చదువుకి ఆఖరిది. వేసవి నుంచి మేనమామ దాణా కొట్టులో కూర్చోవాలని ఇంట్లో అనుకున్నారు. కాదనడానికి ఆమెకూ వేరే దారి కనబడలేదు. ఈలోగా ఆమె కోరుకున్నది ఒక్కటే. టోర్నమెంటులో ఒక్క నిమిషమైనా ఆడాలి. ఈ నాలుగేళ్లలో ఏ మార్చిలోనూ ఆమె బెంచీ దిగలేదు.

బంతి విసరడంలో లోపం లేదు. తప్పంతా కుడి మడమది. ఆ మూలలో, బయటినుంచి వేస్తే బుట్టకి మూడు పాయింట్లొచ్చే గీతకీ, ఆట హద్దైన పక్కగీతకీ మధ్య మనిషి నిలబడేంత చోటే ఉంటుంది. అక్కడ బంతి అందుకోగానే నాడీన్ మడమ తనంతట తానే వెనక్కి జరిగి పక్కగీతను తొక్కేది. వెంటనే ఈల మోగేది, బంతి అవతలివాళ్లకు పోయేది. శిక్షకురాలు లొరెయిన్ తిబో సుద్దతో గుర్తు గీసింది, వెనక ఇటుక పెట్టించింది. ఆ ఇటుకా వెనక్కి జరిగింది.

"నీ మడమకి గీత అవతల చుట్టాలెవరైనా ఉన్నారా?" అని ఆవిడ విసుగు లేకుండానే అడిగింది. మడమ నేర్చుకునేదాకా అక్కడే నిలబడమంది. అందరూ వెళ్లిపోయాక కూడా, రోజూ సాయంత్రం నాడీన్ అక్కడే నిలబడింది. మడమ నేర్చుకోలేదు గానీ, నేల మాత్రం చూస్తూనే ఉంది.

ఫైనల్ రోజు పొద్దున అందరూ అట్లు తిన్నారు. పాకంలో సగం పైగా నాడీన్ మూలదే. ఆడే బూట్లతో ఎవరి చోటు వాళ్లు ఒకసారి తొక్కి వచ్చారు, అదీ ఆనవాయితీలో భాగమే. బస్సెక్కేముందు కోచ్ తడి తువ్వాలు ఇచ్చి, బూట్ల అడుగులు శుభ్రంగా తుడుచుకోండి, జిగురు ఉంటే ఎగరలేరు అని ఎప్పటిలాగే చెప్పింది. తువ్వాలు చేతులు మారింది. నాడీన్ దాన్ని పక్కమ్మాయికి అందించేసింది. బెంచీ మీద కూర్చునేదానికి జిగురైతేనేం అనుకుంది.

ఫైనల్ అవతలి కాలేజీ మందిరంలో. అక్కడి నేలా మేపులే, కాకపోతే ఎన్నడూ చెమర్చి ఎరగదు. ఆట చివరికొచ్చేసరికి నాడీన్ వాళ్లు రెండు పాయింట్లు వెనకబడ్డారు. అప్పుడే మెరిల్‌కి అయిదో ఫౌల్ పడింది. ఇక ఆమె ఆడకూడదు. కోచ్ బెంచీ పొడవునా చూసి, చివర ఆగింది.

"నాడీన్, మూలకి వెళ్లు."

"కోచ్, నేను బూట్లు..."

"వెళ్లమ్మా."

మెరిల్ కూలబడుతూ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఈ ఒక్కసారికి ఆ చుట్టాల్ని పలకరించకే."

నాడీన్ నడుస్తుంటే ప్రతి అడుగూ జిగురుకి చప్పుడు చేస్తూ లేచింది. మూలకి చేరి నిలబడేసరికి అరికాళ్ల కింద ఏదో మెత్తగా పట్టుకుంది. లాగితే రాలేదు. అవతలి జట్టులో ఆమెను కాపలా కాసే అమ్మాయికి ఆమె సంగతి తెలుసు, తనే గీత తొక్కుతుందిలే అని దూరంగా నిలబడింది. బంతి వచ్చింది. అందుకోగానే కుడి మడమ ఎప్పటిలాగే వెనక్కి బయల్దేరబోయింది. కదల్లేదు. రిఫరీ వంగి గీతకేసి చూశాడు. ఈల నోట్లోనే ఉండిపోయింది. ఎగరడానికి వీల్లేదు గనక, నాడీన్ నిలబడిన చోటే నిలబడి, తమ మందిరంలో సాయంత్రాల్లాగే బంతి విసిరింది. అది బుట్ట అంచు తగలకుండా వల్లోంచి జారింది. ఆట ముగిసిన గంట మోగింది.

అందరూ వచ్చి మీద పడ్డా నాడీన్ కింద పడలేదు, పడే వీలూ లేదు. చివరికి మెరిల్ కూర్చుని ఆమె బూట్ల తాళ్లు విప్పింది. గెలిచినవాళ్లు ఆనవాయితీగా బుట్ట వలను తలా ఒక పోగు కత్తిరించుకునే వేళ, నాడీన్ మేజోళ్లతోనే నిచ్చెనెక్కి తన పోగు కోసుకుంది. బూట్లు ఎంత లాగినా రాకపోతే, ఆ కాలేజీవాళ్లు మర్యాదగా వాటి అడుగులు మాత్రం నేలకే వదిలేసి పైభాగం కోసిచ్చారు.

బస్సులో కోచ్ వచ్చి పక్కన కూర్చుంది. వచ్చే ఏడు తనకో సహాయకురాలు కావాలని, అందరూ వెళ్లాక కూడా నిలబడగలిగే మనిషైతే బాగుంటుందని చెప్పింది. నాడీన్ చేతిలోని పోగును వేలికి చుట్టుకుంటూ, మావయ్యకి చెప్పి చూస్తానంది.

దాణా కొట్టుకి మావయ్య ఇంకొకరిని చూసుకున్నాడు. మరుసటి మార్చిలో ఒక పొద్దున, కోచ్ గదిలో ఫోన్ మోగితే నాడీనే తీసింది. అవతలి కాలేజీ శిక్షకుడు.

"మా మూల తడిసిందమ్మా. తుడిచినకొద్దీ ఊరుతోంది. ఏం చెయ్యమంటారు?"

"తుడవకండి," అంది నాడీన్. "స్పాంజీతో అద్ది, బకెట్లో పిండండి. అట్లకి పిండి ఉందా?"